కోర్టు చెప్పిన పేరు

"సుప్రియ ఇల్లు ఇదేనా? ఆ పిల్లని బయటికి రమ్మనండి."

గుమ్మం ముందు నిలబడి గట్టిగా అరిచాడు ఎల్లాజీ. ఇరుగుపొరుగు తొంగిచూశారు. చూడనీ అనుకున్నాడు. తన కూతురి గురించి జిల్లా అంతా చదివింది. ఈ ఇంటి సంగతి కనీసం ఈ వీధైనా వినాలి.

ఎవడితోనో తిరుగుతోందని, ఇంట్లోవాళ్ళకి తెలిసే తిరుగుతోందని దివ్య మీద ఫోన్లో ఒక పేజీ పెట్టి దాని నిండా రాశారు. రాసినవాళ్ళ పేరు లేదు. దివ్య తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. ఎల్లాజీ పరువు నష్టం దావా వేశాడు. ఆ పేజీ ఎవరిదో చెప్పి తీరాలని కోర్టు ఆ యాప్ కంపెనీని ఆదేశించేదాకా అనకాపల్లికి తిరుగుతూనే ఉన్నాడు. ఈ ఉదయమే ప్లీడరు ఆ పేరు చదివి వినిపించాడు. మునగపాకలో ఉండే సుప్రియ, దివ్య క్లాసుమేటు.

"మీరు వెళ్ళొద్దు, సమన్లు వెళ్తాయి" అని ప్లీడరు అంటూనే ఉన్నాడు. ఎల్లాజీ అప్పటికే ఆటో ఎక్కేశాడు.

లోపలినుంచి ఒకావిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"సుప్రియ అమ్మని బాబూ. కాలేజీ నుంచొచ్చేరా? కూకోండి."

"కూకోడానికి రాలేదు. మీ పిల్లని పిలవండి. ఎదురుగా నిలబెట్టి అడగాల."

ఆవిడ అతని వంక అయోమయంగా చూసింది. "మీకు తెల్దేటి బాబూ? అది పోయి ఏడాది దాటిపోనాది."

ఎల్లాజీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎలాగ?"

"తనకి తానే." ఆవిడ అరుగు మీద కూలబడింది. "ఇంతకీ ఎవరు బాబూ మీరు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు.

"దేవరాపల్లి. దివ్య నాన్నని."

ఆవిడ గభాల్న లేచి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"దివ్య నాన్నా? ఆ పిల్ల పోయిందని ఇన్న కాడినుంచే బాబూ, మాది అలాగైపోనాది. అన్నం ముట్టనేదు. దివ్య కాళ్ళట్టుకోవాలమ్మా అనేది. ఎందుకే అంటే పలికేది కాదు. ఆ మర్నాడే... ఎవడితోనో తిరిగి చెడిపోయి సచ్చిందని ఈ ఈదోళ్ళంతా అంటన్నారు. మా సుప్రియ నాన్న తలెత్తుకోలేక ఊరొదిలి పోనాడు. మీ అమ్మాయి మీకేటైనా సెప్పిందా బాబూ? మా పిల్ల ఎందుకు సచ్చిపోయిందో మీకు తెల్సా?"

ఎల్లాజీ చేతులు విడిపించుకోలేదు. అలాగే వీధి వైపు తిరిగి, గోడల మీంచి తొంగిచూస్తున్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు.

"తెల్సు తల్లీ. మా దివ్యంటే మీ పిల్లకి పేనం. అది పోయిందన్న బెంగతోనే పోయింది."