మూతి పైకున్న గూడు

వాగొడ్డు తాటిచెట్టు మీద ఓ గిజిగాడు గూడు అల్లుతున్నాడు. అతని పెళ్లాం గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. అదే చెట్టుకి కల్లుగీసేవాళ్లు కట్టిన కల్లుకుండ, లొట్టి, మూతి పైకి పెట్టుకుని వేలాడుతోంది. దాని అంచున కూచుని ఉడత పిలిచింది.

"బావా, ఒక్క గుక్క వేసుకో. పని చకచకా సాగుతుంది."

మొదటిరోజు ఒక్క గుక్కే. నాలుగోరోజుకి గడ్డిపోచకో గుక్క అయింది. పని నిజంగానే చకచకా సాగింది. గూడు పూర్తికాగానే గిజిగాడు ఛాతీ విరుచుకుని పెళ్లాన్ని పిలిచాడు.

ఆమె గూటి చుట్టూ రెండుసార్లు ఎగిరి చూసింది. గిజిగాళ్ల గూటికి మూతి కిందికి ఉంటుంది. దీనికి పైకి ఉంది. పొద్దున పడ్డ వాననీళ్లు అందులో నిండుగా నిలిచాయి.

"ఏమయ్యా, నేనడిగింది గూడు. నువ్వు కట్టింది లొట్టి," అంది. "ఇందులో పిల్లల్ని పెంచాలా, కల్లు పోసుకోవాలా?"

ఉడత పకపకా నవ్వింది. గిజిగాడికి నవ్వు రాలేదు. గూడంతా విప్పేసి, వాగు అవతల తుమ్మచెట్టు మీద మళ్లీ మొదలుపెట్టాడు. కల్లు మానేసిన రెండురోజులు ముక్కు వణికి పోచలు జారిపోయాయి. పడినవన్నీ పెళ్లాం ఏరి అందించింది.

ముసురు పట్టేనాటికి ముగ్గురు పిల్లలు గూట్లో పొడిగా, వెచ్చగా ఉన్నారు. అప్పుడొచ్చింది ఉడత, తాటాకు దొప్పలో కల్లు పట్టుకుని.

"నీకోసమే తెచ్చా బావా. ఎందులో పొయ్యను?"

గిజిగాడు గూడు చూపించాడు.

"పోసి చూడు. మా ఇంటి మూతి కిందికుంది."