తొంభై వేల బండి

“ముప్ఫై అయిదు వేలు వేసుకో నాయనా, అదే ఎక్కువ” అంది వెర్నా.

కర్టిస్ ఇంజను మీది నుంచి తలెత్తి టార్చి ఆర్పాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరైన ఫ్లింట్ చుట్టుపక్కల పాత కార్లకు వెల కట్టబట్టి ఇరవై ఏళ్ళయింది. పెంచమని బతిమాలేవాళ్ళే కానీ, తగ్గించమనే మనిషి ఇంతవరకూ తగల్లేదు.

“ఇది తొంభై వేల డాలర్ల సరుకు పిన్నిగారూ. పంతొమ్మిది వందల డెబ్భై నాటి మజిల్ కారు, పెద్ద ఇంజను రకం. బాడీ మీద కొట్టిన నంబరూ ఇంజను మీద కొట్టిన నంబరూ కలిశాయి. పుట్టినప్పటి ఇంజనుంటేనే ఆ ధర. మారిందా, సగం కూడా రాదు.”

“రంగు మళ్ళీ వేయించాం. కింద తుప్పు. వెనక సీటు కుక్క కొరికేసింది.”

“అవన్నీ తీసేశాకే తొంభై.”

గుమ్మంలో కూర్చున్న ఆమె భర్త లైల్ ఆయాసపడుతూనే నవ్వాడు. సోమవారం ఆయనకు గుండె ఆపరేషన్. దానికి డబ్బు ఈ కారు అమ్మితేనే.

“దాని మాట వినకు బాబూ. దానికి ఈ బండంటే మొదట్నుంచీ గిట్టదు. ఉండు, కాఫీ తెస్తా” అంటూ మెల్లగా లోపలికి వెళ్ళాడు.

“ముప్ఫై అయిదే రాయి. ఆపరేషనుకి సరిపోతాయి” గొంతు తగ్గించింది వెర్నా.

కర్టిస్‌కి ఏమీ పాలుపోలేదు. మొగుడి ప్రాణం మీదికొచ్చిన వేళ ఈవిడకిదేం బుద్ధి? చవగ్గా ఏ చుట్టానికైనా కట్టబెట్టాలనా? ఏ పుట్టలో ఏ పాముందో.

“తగ్గించి రాసినా దొంగ కాగితమే. నా సంతకం మీద నమ్మకం పోతే నా కూడు పోయినట్టే. అసలు సంగతేంటి?”

వెర్నా వంటింటి వైపు చూసింది.

“డెబ్భై రెండులో ఆయన సైన్యంలో ఉండగా నేను బండి తీసి, అసలు ఇంజను పాడుచేసేశాను. ఆయన వచ్చేలోగా ఇది వేయించా. ఈ రోజుకీ ఆయనకు తెలీదు. ఇప్పుడు, ఈ గుండెతో, చెప్పమంటావా?”

కర్టిస్ మళ్ళీ టార్చి వేసి వంగాడు. అంకెలు సమంగా, ఒకే లోతున ఉన్నాయి. దొంగ నంబర్లు వందల్లో పట్టిన కన్ను అతనిది.

“నన్ను వెర్రివాణ్ణి చెయ్యకండి పిన్నిగారూ. ఇది దొంగ నంబరు కాదు. ఇంజన్ల ఫ్యాక్టరీ చెయ్యి పడందే ఇంత తీరుగా రాదు.”

వెర్నా తల దించుకుంది.

“అప్పట్లో అక్కడ నంబర్లు కొట్టింది నేనే.”