తమ్ముడి గోల్

"తమ్ముడని సుత చూడకుంట గోల్ రద్దు చేసినవు. నీ అసుంటి రెఫరీ పట్నంల కావాలె!"

1948 లండన్ ఒలింపిక్స్‌కు ఫుట్‌బాల్ ఆటగాళ్లను వెతుకుతూ వరంగల్ వచ్చిన పెద్దమనిషి, రెఫరీ బుచ్చిరాములు భుజం తట్టాడు. ఓడిన తమ్ముడు సారంగపాణి వైపు చూడకుండానే మోటారెక్కాడు.

మైదానంలో అన్నదమ్ములిద్దరే మిగిలారు.

"అన్నా, బంతి నా చేతికి తగులుడు చూసినవా?"

ఇందాక బంతి గోల్‌లో పడగానే బుచ్చిరాములు చూపు జనం మీదికి పోయింది. తమ్ముడి పక్షం అంటారేమోనని, చేయి తగిలిందంటూ వెంటనే విజిల్ ఊదాడు.

"నేను నీ తమ్మున్ని కాకుంటే గోల్ ఇస్తుంటివా?"

"ఇస్తుంటి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని బుచ్చిరాములుకు కాసేపటికి గానీ తెలియలేదు.

సారంగపాణికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బూట్లు లేని కాళ్లకంటిన దుమ్ము దులుపుకొని లేచాడు.

"పోదాం పా అన్నా. మగ్గం మీద బట్ట అట్లనే ఉన్నది."