ఉండకట్టిన దుమ్ము

"ఇంకోసారి సూడప్పా. మళ్ళా తప్పు కాకూడదు," అంది చెంగమ్మ.

శాంతికుమార్ అప్పటికే మూడుసార్లు చూశాడు. కుప్పంలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీ నుంచి ఆమె సీసాలో పట్టుకొచ్చిన బూడిదరంగు నీళ్ళ గుండా లేజర్ వెలుగు పోతోంది. వెలుగు చెదిరే తీరును బట్టి నీళ్ళలోని దుమ్ము రేణువుల సైజు కంప్యూటర్ చెబుతుంది. మదనపల్లె కాలేజీ ల్యాబులో పదేళ్ళుగా అతని పని అదే.

"రెండు మైక్రాన్లేనమ్మా. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేంత సన్నం."

చెంగమ్మ ప్లాస్టిక్ కవరులోంచి పాత రిపోర్టు తీసింది. "నాలుగేండ్ల కిందట ఓనరు యాడనో చేయించినాడంట. దీంట్లో నలభై అని ఉండాదంట. అంత లావు దుమ్ము లోపలికి పోదన్నారు."

అతను కాగితం వైపు చూడలేదు. "రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే, అంతా కలిపి ఒక్కటే అనుకుంటుందమ్మా మిషన్. ఇప్పుడు ముందుగా సబ్బు చుక్క వేసి, పది నిమిషాలు బాగా కుదిపి విడదీస్తున్నాను."

"సంగటి ఉండకట్టినట్టన్నమాట."

"అంతేనమ్మా."

"ఆ కాగితాన్ని నమ్మే మా ఆయన మూతికి గుడ్డ కూడా కట్టకుండా పనికి పొయినాడు. దగ్గి దగ్గి పోయినేడు సచ్చిపోయినాడు. ఇప్పుడు నా కొడుకు మునిశేఖరు అదే మిషన్ కాడ నిలబడతాండాడు. వద్దురా అంటే, సంతకం పెట్టిన కాగితం అబద్ధం చెప్తాదా అంటాడు."

ఆరు నెలలపాటు ఆదివారాలు చర్చికి కూడా పోకుండా శాంతికుమార్ ఈ విడదీసే పద్ధతి కుదిర్చాడు. జీతం పెరుగుతుందా, ప్రమోషన్ వస్తుందా అని తోటివాళ్ళు ఆటపట్టించారు.

"అది రాసినాయన దొరికితే ఒక మాట అడగాలప్పా," అంది చెంగమ్మ.

"ఏమని?"

"తిట్టనులే. ఇంకొంచేపు యాల గెలకలేదని."

అతను కొత్త రిపోర్టు ప్రింటు తీశాడు. కింద సంతకం పెట్టాడు.

"మీవాడు దీన్ని నమ్ముతాడమ్మా."

"ఎట్ల నమ్ముతాడప్పా? వానికి ఆ పాతదే వేదం."

శాంతికుమార్ ఆమె చేతిలోని పాత కాగితం తీసుకుని, కొత్తదాని పక్కన పెట్టాడు.

రెండింటి కిందా సంతకం ఒకటే.