గిచ్చు బొమ్మ మీద ఫిర్యాదు

తెలుగు వారపత్రిక బల్ల మీద దబ్బున పడింది.

"ఎవడు వీడు?" ఒరియాలో గర్జించాడు ఆఫీసరు మహాపాత్రో.

గుమాస్తా రత్నకుమార్ వంగి చూశాడు. బొమ్మలో ఓ ఆఫీసరు బుగ్గన పాన్ కుక్కుకుని, ఫైళ్ల మీద కాళ్లు బారజాపి గుర్రుపెడుతున్నాడు. మూల ‘గిచ్చు’ అని సంతకం.

ఆ గిచ్చు రత్నకుమారే. పందొమ్మిది వందల అరవై అయిదు నుంచీ, అంటే పదేళ్లుగా, రాయగడ నుంచి పత్రికలకు బొమ్మలు పంపుతున్నాడు. ఇంట్లో భార్య దయావతికి తప్ప సంగతి ఎవరికీ తెలియదు.

"తెలీదు సార్."

"కింద ఏం రాశాడో చదివి చెప్పు."

మహాపాత్రో వచ్చి ఏడాదైంది. కటక్ మనిషికి తెలుగెక్కడిది? అందుకే ఆఫీసంతా ఆయన ఎదుటే ఆయన్ని ‘బుగ్గోడు’ అనుకుంటూ హాయిగా బతికేస్తోంది. బొమ్మ కింద బంట్రోతు మాట ఇదీ: "సారున్నారు. లేచాక రండి."

"సారు తీరిక లేకుండా ఉన్నారు, తర్వాత రండి అంటున్నాడు సార్," అని ఒరియాలోకి మార్చేశాడు రత్నకుమార్.

"ఇందులో నవ్వేముంది?"

"తెలుగువాళ్లు దేనికైనా నవ్వుతారు సార్."

మహాపాత్రో పాన్ ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చాడు. "ఈ బుగ్గ నాది. వీడు మన ఆఫీసువాడే. దొరికితే దసమంతపూర్ అడవుల్లోకి బదిలీ కాదు, తిన్నగా ఇంటికే పంపిస్తా. బొమ్మలు ఆపమని, వీడి పేరు చెప్పమని ఎడిటరుకు తెలుగులో ఉత్తరం రాసి రేపు పట్రా. సంతకం నేను పెడతా."

సాయంత్రం ఇంట్లో సంగతి విని దయావతి గుండెలు బాదుకుంది. "ఆ బొమ్మలు మానీండి. ఉజ్జోగం పోతే పిల్లల్తో ఏటైపోతాం?"

"మాననంటే మానను! ఆడు కూకోమంటే కూకుంటాను, నిల్సోమంటే నిల్సుంటాను. నా సెయ్యి మాత్రం ఆడి నౌకరు కాదు."

"మరి ఉత్తరం?"

"రాస్తాను. ఎలా రాస్తానో సూడు."

రాశాడు. ‘ఎడిటరు గారికి, గిచ్చు బొమ్మలు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాను. అందులో ఆఫీసరు నేనే. వారానికి ఒకటి ఏ మూలకు? ఇకమీదట రెండేసి వెయ్యండి.’

మర్నాడు కాగితం ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. తల దించలేదు.

"నేను చెప్పిందంతా రాశావా?"

"అక్షరం పొల్లుపోలేదు సార్."

మహాపాత్రో కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. కలం తీశాడు. ఆ సంతకం ఎంతకీ తెమల్లేదు. ఆఖరికి కాగితం మడిచి చేతికిచ్చాడు. "ఇవాళే పోస్టులో పడాలి."

రత్నకుమార్ సీటుకొచ్చాడు.

"బుగ్గోడేటన్నాడు బావూ?" గట్టిగానే అడిగాడు బంట్రోతు ఏసుపాదం.

"సంతకం ఎట్టీసేడు!"

కవరులో పెట్టే ముందు, ఆ సంతకం కళ్లారా చూసుకుందామని కాగితం విప్పాడు.

‘రెండేసి’ అన్న మాట కొట్టేసి, పైన గుండ్రటి తెలుగు అక్షరాలతో ‘మూడేసి’ అని దిద్ది, కింద తెలుగులోనే సంతకం పెట్టాడు మహాపాత్రో.