ఏడుపు మానిన బండి

ఇలా దగ్గరికి జరుగమ్మా, గట్టిగా చెప్పే సంగతి కాదిది.

"బాబాయ్, నా వ్యాన్‌ని మళ్ళీ ఎప్పటిలా ఏడిపించు" అన్నాడు డ్రైవరు, షెడ్డులో అడుగు పెడుతూనే.

మెకానిక్కు మొహం మాడిపోయింది. వెనక ఇరుసులో పళ్ళచక్రాలు సరిచేయడంలో ఆయనకు ఆయనే సాటి. ఊరంతా పళ్ళ డాక్టరనే పిలుస్తారు. కూ అని మూలిగే ఆ వ్యాన్ నోరు మూయించింది మొన్ననే.

"నా పనికే వంక పెడతావురా? కళ్ళారా చూడు!"

జాకీ ఎత్తి, నూనె దింపి, వెనక మూత విప్పాడు. పెద్ద చక్రం పళ్ళకు పసుప్పచ్చ రంగు పూసి, చేత్తో తిప్పాడు. చిన్న చక్రం రాసుకున్నచోట రంగు చెరిగి, అచ్చు పడింది.

"మొన్న ఈ అచ్చు పంటి అంచున పడేది. అందుకే ఆ ఏడుపు. పల్చటి రేకులు వేసి, తీసి, మళ్ళీ వేసి, నడిమధ్యకి తెచ్చాను. బొట్టు పెట్టినట్టు లేదూ?"

డ్రైవరు వంగి చూశాడు. "ఎంత బాగుందో బాబాయ్! చెడగొట్టు."

"నీకేమైనా పిచ్చా? పళ్ళు అరిగి ఊడిపోతాయి. నా చేత్తో ఆ పని చెయ్యను."

"నేను వస్తున్నట్టు వీధి చివరికే వినపడాలి. లేకపోతే నా కాపురం పాడవుతుంది."

"హారన్ కొట్టుకో!"

"కొడితే కావాలని కొట్టానని తెలిసిపోతుంది."

పళ్ళ డాక్టరు తల గోక్కున్నాడు. చివరికి స్పానర్ తీసి మడ్‌గార్డు బోల్టు ఒకటి ఊడకుండా వదులు చేశాడు. తడితే గడగడా మోగింది. డ్రైవరు మొహం వెలిగిపోయింది.

"పళ్ళ జోలికి మాత్రం పోను. ఇప్పుడు చెప్పు, ఏమిటీ గోల?"

"మా అమ్మకీ మా ఆవిడకీ క్షణం పడదు కదా. వంటింట్లో తగువెందుకని రాత్రి వంట నేనే చేస్తాను. నిన్న బండి చప్పుడు లేకుండా వెళ్ళి, కిటికీలోంచి చూశాను. మా అమ్మ దాని తల దువ్వుతోంది. ఈ పూట ఏం వండుతాడో అని ఇద్దరూ ఒకటే నవ్వులు!"

"ఓరి! లోపలికెళ్ళి నిలదీయలేకపోయావా?"

"అంత హాయిగా ఉన్నవాళ్ళనా? వీధి చివరికి తిరిగెళ్ళి, దగ్గుకుంటూ వచ్చాను బాబాయ్. పోట్లాట మొదలుపెట్టుకోడానికి వాళ్ళకీ కాస్త టైమివ్వాలి కదా!"

గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పు తల్లీ. ఆ ఇంట్లో మాత్రం అనకు, పాపం ఇంకా పోట్లాడుకుంటున్నారు.