పొన్నగంటి గట్టు

"గడ్డిమందు కొట్టించేరా రాజుగారూ? నిజం చెప్పండి."

చిట్టెమ్మ కాలవగట్టు మీద సుబ్బరాజుగారికి అడ్డంగా నిలబడింది. బుట్ట ఎక్కడో పడేసింది. పిడికిట్లో మాత్రం పసుపెక్కి వాడిపోయిన పొన్నగంటికూర ఉంది.

ఆ గట్టు సుబ్బరాజుగారి కొబ్బరితోటని ఆనుకుని ఉంటుంది. తోటలో రాలిన ఎండు కొబ్బరికమ్మలు గట్టు మీదే ఓ పక్కన కుప్ప పోస్తారు. తోట ఆయనదే అయినా గట్టు మీద మొలిచే కూర చిట్టెమ్మదే అన్నట్టు చూస్తారు ఊళ్లో. పొన్నగంటి, గలిజేరు, నీటి అంచున తూటికూర, ఏది లేతగా ఉంటే అది గిల్లుకుపోతుంది. ఆయన ఏనాడూ వద్దనలేదు.

"గడ్డిమందా? నేనెందుకు కొట్టిస్తానండీ?" అన్నారు రాజుగారు. పసిపిల్లల్ని కూడా అండీ అనే మనిషాయన. "నాకు పనుందండి. కాస్త తప్పుకోండి."

"తప్పుకోనండీ. అల్లక్కణ్ణించి ఇక్కడిదాకా ఎలా మాడిపోయిందో చూడండి. మందు కొట్టకపోతే ఇలాగవుద్దా?"

రాజుగారు అప్పుడు చూశారు. నిజమే. గట్టంతా పచ్చగానే ఉంది. మధ్యలో ఒక్క బారు మాత్రం, గీత గీసినట్టు, పసుపెక్కి నేలకంటుకుపోయింది.

"ఎండకేమోనండీ..."

"ఎండ గీత గీసి కాస్తాదా అండీ?" చిట్టెమ్మ పిడికిట్లో కూర ముందుకి చాపింది. "రాత్రి ఈ కూరే పప్పులో వేసి మా అమ్మాజీకి పెట్టేను. కొసలు పసుపెక్కితే ఎండకనే అనుకుని, బాగున్నవి ఏరి వండేనండీ. దానికిప్పుడు ఏడో నెల. రక్తం తక్కువుంది, ఆకుకూర పెట్టమన్నారు డాక్టరమ్మగారు. మా అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. నన్ను నమ్మి వదిలేసి వెళ్లేడు. నేనే నా చేత్తో..."

రాజుగారి మొహం మారిపోయింది. "అమ్మాయికి ఎలా ఉందండి ఇప్పుడు?"

"పొద్దున్న వాంతయిందండీ. మీ మీద ఎవరికీ చెప్పనండీ. ఏ మందో పేరు చెప్పండి చాలు. డాక్టరమ్మగారు విరుగుడిస్తారు."

"నా తోటలో మందు చుక్క పడలేదండీ. ఒట్టు."

"మీకు తెలీకుండా మీ మనుషులు కొట్టేరేమో!"

రాజుగారు చిట్టెమ్మ పిడికిట్లోంచి కూర లాక్కుని నోట్లో పెట్టుకుని నమిలారు. పచ్చికూర, మట్టితో సహా.

"అయ్యబాబోయ్! ఉమ్మేయండి రాజుగారూ! ఉమ్మేయండి!"

ఆయన కష్టపడి మింగారు. "ఇప్పుడు నమ్ముతారా? పదండి, అమ్మాజీని తీసుకుని అమలాపురం పోదాం. అనుమానం ఎందుకు, ఇద్దర్నీ ఒకేసారి చూస్తారు డాక్టరమ్మగారు."

వచ్చిన పని అక్కడే వదిలేసి, ఇంటికెళ్లి మారుతీ వ్యాను తీశారు. దారంతా చిట్టెమ్మ కూతురి పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. వెనక్కి తిరిగి "ఎలా ఉందండి?" అని రాజుగారు అడిగినప్పుడల్లా, "మీకెలా ఉందండి?" అని ఎదురడిగింది.

డాక్టరమ్మ అమ్మాజీని నిదానంగా పరీక్ష చేసింది. "బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. విషం లక్షణాలేం లేవు. నిన్న ఇంకేం తిన్నావమ్మా?"

అమ్మాజీ తల దించుకుంది. "పచ్చిమామిడికాయలండీ. ఉప్పూకారం అద్దుకుని. అమ్మ చూడకుండా."

"ఎన్ని?"

"ఉన్నవన్నీనండీ."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ రక్తపరీక్ష కాగితం చూసింది. "పోయిన నెల కన్నా రక్తం బాగా పెరిగింది. ఏం పెడుతున్నావు చిట్టెమ్మా?"

"గట్టు మీద కూరండీ."

"మానకు మరి."

"ఆయ్," అంది చిట్టెమ్మ. ఆ ఒక్క మాటకే కళ్లు నిండిపోయాయి. బయట బల్ల మీద కూర్చున్న రాజుగారు సంగతి విని, ఒళ్లో ఉన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. పచ్చికూర తిన్న మనిషికి కూడా ఏమీ కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు చిట్టెమ్మ ఊరుకోలేదు. "దొంగని నిలేసినట్టు నిలేసేనండీ మిమ్మల్ని. ఇంకొకరైతే గట్టు దిగి పొమ్మందురు. మీరు ఆ మాడిన కూర నమిలేరు. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలండీ."

"ఊరుకోండి. ఎంత కంగారు పడుంటే అలా అడిగేరు?"

గట్టు దగ్గరికి రాగానే ఒకాయన చేతులూపుతూ ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "వ్యాను అక్కడే ఆపండి! ఇంజను కట్టేయండి!"

గట్టుకి అడ్డంగా ఎర్రగుడ్డల తాడు కట్టి ఉంది. టోపీలు పెట్టుకున్న మనుషులు గట్టు మీది ఎండుకమ్మల్ని ఈడ్చి దూరంగా పడేస్తున్నారు.

"ఏవైందండీ?" రాజుగారు వ్యాను దిగారు.

"గట్టు కింద గ్యాస్ పైపుకి చిల్లు పడిందండీ. ఇది నేల్లోంచి తీసిన గ్యాస్, వంటగ్యాస్‌లా వాసన కూడా రాదు. లైను చూడ్డానికొచ్చిన మనిషి కాలవలో బుడగలు చూసేడు కాబట్టి తెలిసింది. ఎన్నాళ్ల బట్టి కారుతోందో ఏవిటో, పైపు పొడుగునా మొక్కలన్నీ మాడిపోయేయి. గ్యాస్ ఆపించేసేం, ఇంక పెద్ద భయం లేదండి."

చిట్టెమ్మ ఆ పసుపు గీత వంక చూసింది. మళ్లీ రాజుగారి వంక చూసింది.

"అన్యాయంగా మిమ్మల్నన్నాను రాజుగారూ. పైగా పొద్దుటి నుంచీ మీ పని చెడగొట్టేను. ఇంతకీ ఏం పని మీద వచ్చేరండీ?"

సుబ్బరాజుగారు వచ్చి ఆమె ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించారు.

"ఆ ఎండుకమ్మలకి నిప్పు పెడదామని వచ్చేనండీ."